పేర్లకు ఒక పద్ధతి ఇచ్చిన లెవోయిజర్

సూరత్ రింగ్ రోడ్‌లోని బట్టల మార్కెట్‌కు వెళ్తే ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లు వినిపిస్తాయి. మనం చీర అంటాం, కొట్టు ఆయన సాడీ అంటాడు. నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ కొత్త ఊళ్లో కొత్త పేర్లు నేర్చుకోవడం మనకు అలవాటే.

రసాయన పదార్థాల సంగతీ అంతే. మన ఊళ్లో రైతులు మైలుతుత్తం అనే నీలి స్ఫటికాలను హిందీలో నీలా థోథా అంటారు, ఇక్కడ గుజరాతీలో మోరథూథు అంటారు. మోర్ అంటే నెమలి. ఆ పేరు వింటే రంగు గుర్తొస్తుంది గాని, లోపల ఏముందో తెలియదు. మన ల్యాబ్‌లో సీసా మీద మాత్రం కాపర్ సల్ఫేట్ అని ఉంటుంది. రాగి ఉందని, గంధకం, ఆక్సిజన్ ఉన్నాయని ఆ పేరే చెబుతుంది. ఏ ఊరి బడికి మారినా ఆ పేరు మారదు. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో ముఖ్యుడు ఆంటోనీ లెవోయిజర్.

ఆయన 1743 ఆగస్టు 26న పారిస్‌లో పుట్టాడు. తండ్రి న్యాయవాది. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. తండ్రి దారిలోనే న్యాయశాస్త్రం చదివినా, మనసంతా విజ్ఞానం మీదే ఉండేది. 1768లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలో సభ్యుడయ్యాడు. ఆ ఏడాదే రాజు తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో వాటా కొన్నాడు. ప్రయోగాలకు కావలసిన డబ్బు అక్కడి నుంచి వచ్చింది. చివరికి ప్రాణం మీదికి తెచ్చింది కూడా అదే.

1771లో మరీ ఆన్‌ను పెళ్లాడాడు. ఆమె ఇంగ్లీషు నేర్చుకుని, ఆ భాషలోని రసాయన గ్రంథాలను భర్త కోసం అనువదించింది. ప్రయోగాల వివరాలు రాసిపెట్టింది, పరికరాల బొమ్మలు గీసింది.

లెవోయిజర్ ఆయుధం త్రాసు. ప్రయోగానికి ముందూ తర్వాతా అన్నిటినీ తూచేవాడు. వస్తువు మండడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమేనని అలాగే తేల్చాడు. నీరు మూలకం కాదని, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడిందని 1783లో ప్రకటించాడు.

అప్పట్లో పదార్థాల పేర్లు గందరగోళంగా ఉండేవి. తాకితే చర్మాన్ని కాల్చే ఒక పదార్థాన్ని యాంటిమొనీ వెన్న అనేవారు! మైలుతుత్తానికి యూరప్‌లోనూ నీలి విట్రియోల్, సైప్రస్ విట్రియోల్ అని రకరకాల పేర్లు. గైటన్ ద మోర్వో అనే న్యాయవాది ఈ పేర్లను సంస్కరించాలని 1782లో ప్రతిపాదించాడు. లెవోయిజర్, బెర్తొలె, ఫూర్‌క్రువా ఆయనతో కలిశారు. నలుగురూ 1787లో కొత్త పేర్ల పుస్తకం తెచ్చారు. పదార్థంలో ఏముందో అదే దాని పేరు కావాలన్నది వారి సూత్రం. ఆక్సిజన్ ఎక్కువుంటే సల్ఫేట్, తక్కువుంటే సల్ఫైట్. చివరి అక్షరం మారితే పదార్థమే మారిపోతుంది. పరీక్షలో మనకు మార్కులు పోయేదీ అక్కడే!

1789లో ఆయన రాసిన పాఠ్యగ్రంథంలో 33 మూలకాల పట్టిక ఉంది. అదే ఏడాది ఫ్రెంచి విప్లవం మొదలైంది. పన్నులు వసూలు చేసినవారి మీద ప్రజల కోపం మళ్లింది. 1793లో ఆయన్ను జైల్లో పెట్టారు. 1794 మే 8న తల తీయించారు. అప్పటికి ఆయన వయసు 50. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆయన నిర్దోషి అని ఒప్పుకుంది. మరీ ఆన్ ఆయన రాతలను కాపాడి అచ్చు వేయించింది.

ఆయనా పొరబడ్డాడు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని తర్వాత హంఫ్రీ డేవీ చూపించాడు. అయినా పేర్ల పద్ధతి నిలిచింది, తర్వాతివారి చేతుల్లో పెరిగింది. అయానిక పదార్థమైతే లోహం పేరు ముందు, అలోహం పేరు చివర ఐడ్‌తో చెబుతాం: సోడియం క్లోరైడ్. అయాన్ల ఆవేశాలే లెక్క తేలుస్తాయి కాబట్టి అంకె అక్కర్లేదు. సమయోజనీయ పదార్థంలో మాత్రం పరమాణువుల లెక్క చెప్పాలి. కార్బన్ డై ఆక్సైడ్ మనం వదిలే ఊపిరిలో ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. రెండింటికీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువే!

వచ్చే బదిలీకి మనం ఏ రాష్ట్రంలో ఉంటామో తెలియదు. అక్కడ మైలుతుత్తాన్ని ఇంకేదో పేరుతో పిలుస్తారు. ఆ పేరూ నేర్చుకుందాం. ల్యాబ్‌లోకి వెళ్తే మాత్రం కాపర్ సల్ఫేట్ పాత స్నేహితుడిలా పలకరిస్తుంది.