పాటకు పేర్లు రాసిన దుకాణం

కాకినాడలో మా ఇంజనీరింగ్ కాలేజీ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, భానుగుడి సెంటర్ దాటాక ఒక పాటల రికార్డింగ్ షాపు ఉండేది. ఇప్పుడు లేదు. దాన్ని నడిపిన పెద్దాయనా పోయారు. పేపర్లో రెండు లైన్ల వార్తగా కూడా రాకుండా మూతబడిన ఇలాంటి దుకాణాలు ఎనభైల్లో ప్రతి ఊళ్లోనూ ఉండేవి. వాటి దగ్గర పాట వినడం నేర్చుకున్న తరం తరఫున ఈ నాలుగు మాటలు.

ఆయన్ని ఊరంతా మాస్టారూ అనే పిలిచేది. బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. మాకు మాత్రం చెప్పారు. శ్రీకాకుళం నుంచి, ఒంగోలు నుంచి, లంక గ్రామాల నుంచి వచ్చి హాస్టల్లో చేరిన మాకు సాయంత్రం క్లాసులు అయ్యాక వెళ్లే చోటు అదే. పది మంది నిలబడితే నిండిపోయే గది. గోడ పొడుగునా ఎల్పీ రికార్డులు, బల్ల మీద డబుల్ డెక్కు, గుమ్మానికి అటూ ఇటూ మనిషెత్తు స్పీకర్లు. కొత్త పాటలు వచ్చిన రోజున రోడ్డు మీద సైకిళ్లు ఆగిపోయేవి.

మా దగ్గర ఉండేది ఖాళీ క్యాసెట్టు, ఓ తెల్లకాగితం. కాగితం మీద కావలసిన పాటలు వరసగా రాసి ఇవ్వాలి. ఎ సైడు, బి సైడు. మూడు రోజులు ఆగి వెళ్తే క్యాసెట్టు తయారు. హాస్టల్లో ఏ పాటలు రాయాలన్నదే పెద్ద చర్చ. టేప్ రికార్డర్ వరండాకొకటే కాబట్టి ఆ క్యాసెట్టు అందరూ వినాలి. ఒకడికి ఇళయరాజా కావాలి, ఇంకొకడికి కిషోర్ కుమార్, మూడోవాడికి ఘంటసాల భగవద్గీత. రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదన పదకొండింటికి తేలేది. ఒకరి కోసం ఒకరు పాట వదులుకోవడం, తనకు నచ్చని పాటను స్నేహితుడి కోసం పది సార్లు విని చివరికి ఇష్టపడటం అక్కడే జరిగాయి.

క్యాసెట్టు ఎంపికలో మాస్టారిది కచ్చితమైన లెక్క. "బాబూ, తొంభై వద్దండి. టేపు పల్చన. చుట్టుకుపోద్ది. అరవై తెచ్చుకోండి," అనేవారు. అరవై నిమిషాల క్యాసెట్టంటే సైడుకు అరగంట. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. ఆ లెక్కన అరగంటకు దాదాపు 86 మీటర్లు. పాట మధ్యలో టేపు అయిపోతే ఆయనకు అవమానం. అందుకని ప్రతి పాట నిడివీ ఒక పొడుగాటి చిట్టా పుస్తకంలో రాసి పెట్టుకునేవారు. నాలుగు నలభై, అయిదు పది, మూడు ఇరవై. మేం ఇచ్చిన పాటలు కూడి చూసి, సైడు చివర మూడు నిమిషాలు మిగిలిందంటే కళ్లజోడు పైకి తోసి అడిగేవారు: "ఇక్కడ చిన్న పాట పడుతుంది. నన్ను వేయమంటారా?"

మా చదువు ఆ మిగిలిన మూడు నిమిషాల్లో జరిగింది. అంత తక్కువ నిడివిలో దొరికేవి పాత పాటలు. 78 ఆర్పీఎం రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు మాత్రమే పట్టేది కనుక అప్పటి పాటలు ఆ కొలతకు కట్టినవి. అలా మేం అడగకుండానే సాలూరి రాజేశ్వరరావు వచ్చారు, పెండ్యాల వచ్చారు, భానుమతి వచ్చారు. 1951 నాటి మల్లీశ్వరి పాట విని మావాడొకడు ఇంకోటి కావాలని వెళ్తే, మాస్టారు ఆ పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి ఇదే ఊళ్లో పిఠాపురం రాజావారి కాలేజీలో చదువుకున్నారని చెప్పి, ఆ సాయంత్రమంతా కూర్చోబెట్టి వినిపించారు. డబ్బు తీసుకోలేదు.

ఊరి మీద ఆయనకు అంత అభిమానం. పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టారని చెప్పేటప్పుడు గొంతు మారేది. సిరివెన్నెల సీతారామశాస్త్రి సినిమాలకు రాయకముందు ఇక్కడే టెలిఫోన్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ, భరణి అన్న కలం పేరుతో కవితలు రాసేవారని మాకు మొదట చెప్పిందీ ఆయనే. 1988లో రుద్రవీణ వచ్చినప్పుడు షాపులో పండగ వాతావరణం. ఇళయరాజాకు, బాలుకు ఆ సినిమా జాతీయ అవార్డులు తెచ్చింది. అదే ఏడాది అభినందన. ఆత్రేయ రాసిన పాటలు, బాలు, జానకి గొంతులు. ఆ పాటలు పెట్టి మాస్టారు మమ్మల్ని స్పీకరు పక్కన నిలబెట్టి, "గొంతు వదిలెయ్యండి. కింద బేస్ గిటార్ ఏం చేస్తోందో దాని వెంట వెళ్లండి," అనేవారు. పాటలో పాడేవాళ్లు కాక ఇంకెంత మంది పని చేస్తారో మాకు తెలిసింది ఆ స్పీకరు దగ్గరే.

అన్నిటికన్నా విలువైనది క్యాసెట్టు పెట్టెలో పెట్టే కార్డు. మామూలు షాపుల్లో పాట మొదటి ముక్క, సినిమా పేరు రాసి ఊరుకునేవారు. మాస్టారు గుండ్రటి అక్షరాలతో అయిదు గడులు నింపేవారు: పాట, సినిమా, రాసినవారు, స్వరం కట్టినవారు, పాడినవారు. రాసినవారి పేరు ఎర్ర సిరాతో. వేటూరి ఏ పాట రాశారో, ఆత్రేయ ఏది రాశారో మా బ్యాచ్‌లో అందరికీ నోటికి వచ్చిందంటే ఆ ఎర్ర సిరా వల్లే. మిషన్ల డ్రాయింగు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలం పాటకు కర్త ఉంటాడన్న ఎరుకతో బయటికి వెళ్లాం.

ఈ వ్యాపారం చట్టానికి సమ్మతమైనది కాదు. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు, క్యాసెట్టు మీద హక్కుదారు పేరు ఉండాలన్నారు. రాసినవారికీ పాడినవారికీ ఈ రికార్డింగుల నుంచి పైసా వెళ్లలేదన్నది నిజం. ఆయన్ని తలుచుకునేటప్పుడు ఈ మాటా చెప్పుకోవాలి. అయితే పాత రికార్డులు దుకాణాల్లో దొరకని రోజుల్లో, కంపెనీలు మళ్లీ ముద్రించని పాటల్ని విద్యార్థుల చెవిన వేసింది ఇలాంటివారేనన్నదీ అంతే నిజం.

షాపు ఒక్కరోజులో పోలేదు. పాటలు నింపిన చవక క్యాసెట్లు వచ్చినప్పుడు సగం గిరాకీ తగ్గింది. సీడీలు వచ్చాయి, ఆ వెంటనే ఒక్క డిస్కులో నూటయాభై పాటలు పట్టే ఎంపీత్రీలు వచ్చాయి. ఎంచుకోవాల్సిన అవసరం అక్కడితో పోయింది. తర్వాత కొన్నేళ్లు మాస్టారి కొడుకు అదే బల్ల మీద కంప్యూటరు పెట్టి సెల్‌ఫోన్ మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించాడు. 2016లో జియోతో ఇంటర్నెట్ డేటా చవకయ్యాక ఆ పనీ లేకుండా పోయింది. ఇప్పుడు ఆ గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

కిందటి శీతాకాలం మా బ్యాచ్ వాళ్లం కాకినాడలో కలిశాం. తలలు నెరిశాయి, ఇద్దరు ముగ్గురు అమెరికా నుంచి వచ్చారు. కోటయ్య కాజాల పొట్లాలు విప్పుకుని, బ్లూటూత్ స్పీకరు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ప్రపంచంలో ఉన్న పాటలన్నీ చేతిలో ఉన్నాయి. ఒకడు ఒక పాట పెడితే పల్లవి అయ్యేలోపు ఇంకొకడు మార్చాడు. అరగంటలో ఒక్క పాటా పూర్తిగా వినలేదు.

అప్పుడు కాకినాడలోనే స్థిరపడిన మిత్రుడు ఇంటికి వెళ్లి పాత టేప్ రికార్డరూ, ఒక క్యాసెట్టూ తెచ్చాడు. హాస్టల్ డే నాడు మాస్టారు తన మైకు తెచ్చి రికార్డు చేసినది. రబ్బరు బెల్టు సాగి టేపు నెమ్మదిగా తిరిగింది. మెకానిక్ మిత్రుడొకడు దాన్ని విప్పి సరిచేసేదాకా ఎవరూ కదల్లేదు. మొదట మా గోల, శ్రుతి తప్పిన మా పాటలు. ఆ తర్వాత మెస్సులో వంట చేసే తాతగారి గొంతు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. జాషువా పద్యం. రాగం తీస్తూ తీస్తూ ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది. అరవై ఏళ్ల మనిషి, పగలంతా పొయ్యి దగ్గర నిలబడినవాడు, ఆ రాత్రి తారస్థాయిలో పద్యం అందుకున్నాడు. వెనకాల మా ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయి, చివరికి అందరూ చప్పట్లు కొట్టారు. మేం మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాం, ఈసారి ఎవరూ మార్చలేదు. కార్డు తీసి చూస్తే మాస్టారు పాడినవారి గడిలో వంట తాతగారి పూర్తి పేరు రాశారు. ఆయన్ని అన్నేళ్లు తాతా అని పిలిచిన మాలో ఒక్కరికీ ఆ పేరు తెలియదు.

ఇళయరాజా పాటలు ఎక్కడికీ పోవు. ఘంటసాల ఎక్కడికీ పోరు. వాళ్లను కాపాడటానికి కంపెనీలు ఉన్నాయి, కోట్ల మంది అభిమానులు ఉన్నారు. ఆ తాతగారి పద్యం మాత్రం ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉంది. వారం తిరగకుండా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, పేరుతో సహా ఆయన మనవలకు పంపాం.

మీ అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. మామ్మ పాడిన మంగళహారతి, ఊళ్లో హరికథ, కాలేజీ వార్షికోత్సవం, ఎవరో పిల్లవాడి మొదటి మాటలు. టేపు మీది పూత తేమకు బూజు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ రాలుతుంది. దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. టేప్ రికార్డరు నడిచే చోటు వెతికి ఈ ఏడాదిలోనే కంప్యూటరులోకి మార్పించండి. ఆ ఫైలు పక్కన పాడినదెవరో, ఎక్కడో, ఎప్పుడో తప్పకుండా రాయండి. మా మాస్టారికి మేం ఇవ్వగలిగిన నివాళి ఇదే. మీరూ ఇవ్వండి.