యుద్ధభూమిలో ఖగోళ శాస్త్రజ్ఞుడు

నక్షత్రాల కాంతిని కొలవడంలో జీవితాన్ని గడిపిన ఒక శాస్త్రజ్ఞుడు, కాంతి సైతం వెలువడలేని కృష్ణబిలాల అధ్యయనానికి గణితపరమైన పునాది వేశారు. ఆయనే కార్ల్ ష్వార్జ్‌షిల్డ్.

ఆయన 1873 అక్టోబరు 9న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రుల సంతానంలో ఆయనే పెద్దవారు. పదహారేళ్ల ప్రాయంలోనే జంట నక్షత్రాల గమనాన్ని గురించి పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన పిమ్మట వియన్నాలోని కుఫ్నర్ వేధశాలలో చేరి, ఛాయాచిత్రాల సహాయంతో నక్షత్రాల కాంతి తీవ్రతను నిర్ణయించే పద్ధతిని రూపొందించారు. 1901లో గోటింగెన్‌లో ఆచార్యులయ్యారు. 1909లో పోట్స్‌డామ్ వేధశాల సంచాలకులుగా నియమితులయ్యారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. వయస్సు నలభై దాటినా ఆయన స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. బెల్జియంలో వాతావరణ పరిశీలన కేంద్రంలోను, ఆ తరువాత ఫిరంగి దళంలోను పనిచేశారు. గుండ్ల గమనాన్ని గణించడం అక్కడ ఆయన విధి.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంత సమీకరణాలను ప్రకటించారు. అవి ఎంత జటిలమైనవంటే, బుధగ్రహ గమనాన్ని వివరించడానికి ఐన్‌స్టీనే ఉజ్జాయింపు పద్ధతిని ఆశ్రయించవలసి వచ్చింది. ష్వార్జ్‌షిల్డ్ మాత్రం గోళాకారంలో ఉండి భ్రమణం లేని ద్రవ్యరాశి విషయంలో వాటికి కచ్చితమైన సాధనను కొద్ది వారాలలోనే కనుగొన్నారు. డిసెంబరు 22న ఆ సంగతిని యుద్ధరంగం నుంచి ఐన్‌స్టీన్‌కు లేఖ ద్వారా తెలియజేశారు. 1916 జనవరిలో ఐన్‌స్టీన్ దానిని బెర్లిన్‌లోని ప్రష్యా విజ్ఞాన అకాడమీకి సమర్పించారు.

ఆ సాధనలో ఒక విచిత్రమైన దూరం ఇమిడి ఉంది. ఏ వస్తువైనా ఆ వ్యాసార్ధంలోపలికి కుదించుకుపోతే దాని నుంచి కాంతి కూడా బయటపడలేదు. సూర్యునికి ఈ వ్యాసార్ధం సుమారు 3 కిలోమీటర్లు. భూమికి సుమారు 9 మిల్లీమీటర్లు. దీని అంతరార్థాన్ని గ్రహించడానికి శాస్త్రలోకానికి దశాబ్దాలు పట్టింది.

ఇంతలో పెంఫిగస్ అనే తీవ్రమైన చర్మవ్యాధి ఆయనను పీడించింది. దానికి ఆనాడు చికిత్స లేదు. ఒళ్లంతా బొబ్బలతో బాధపడుతూనే, విద్యుత్ క్షేత్రంలో పరమాణువులు వెలువరించే కాంతిని క్వాంటం సిద్ధాంతంతో వివరిస్తూ మరో వ్యాసం రచించారు. 1916 మార్చిలో యుద్ధరంగం నుంచి తిరిగివచ్చి, మే 11న తన నలభై రెండవ ఏట కన్నుమూశారు. ఆయన కుమారుడు మార్టిన్ తరువాతి కాలంలో ప్రఖ్యాత ఖగోళ శాస్త్రజ్ఞుడయ్యారు.

ఒకే ఏడాదిలో ఆయన విడివిడిగా కృషి చేసిన గురుత్వ, క్వాంటం సిద్ధాంతాలు 1974లో స్టీఫెన్ హాకింగ్ పరిశోధనలో కలుసుకున్నాయి. క్వాంటం ప్రభావాల వల్ల కృష్ణబిలం కూడా స్వల్పంగా వికిరణాన్ని వెలువరిస్తుందని, ద్రవ్యరాశి తగ్గేకొద్దీ దాని ఉష్ణోగ్రత పెరుగుతుందని హాకింగ్ నిరూపణ చేశారు. అంతరిక్షంలో ఆ వికిరణాన్ని ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని సవరించి ప్రతిపాదించిన నూతన గురుత్వ సిద్ధాంతాలలో ఆ వికిరణం ఎలా మారుతుందో శాస్త్రజ్ఞులు నేడు గణిస్తున్నారు. ఆ మార్పును కొలవడానికి వారు ప్రమాణంగా గ్రహించేది, ఫిరంగుల మోత నడుమ ష్వార్జ్‌షిల్డ్ సాధించిన ఫలితాన్నే.