నైటింగేల్ చేతిలో దీపమే కాదు.. లెక్కల చిట్టా కూడా! రికార్డులతోనే సైన్యాన్ని కదిలించిన నర్సు కథ

ఫ్లోరెన్స్ నైటింగేల్.. ఈ పేరు వినగానే రాత్రిపూట దీపం పట్టుకుని గాయపడ్డ సైనికుల మధ్య తిరిగే నర్సు గుర్తొస్తుంది. ఆమె పుట్టినరోజు మే 12నే ఏటా అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుపుకుంటున్నాం. అయితే యుద్ధ కాలపు ఆస్పత్రిలో ఆమె పనిచేసింది రెండేళ్లు కూడా లేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు రిజిస్టర్లు, ఫారాలు, పట్టికల మధ్యే గడిపారు. ఆఫీసుల్లో సమాచారం గుట్టలుగా పడి ఉంటుంది, దాన్ని చదివి నిర్ణయం తీసుకోవడమే ఎవరికీ రాదు.. ఆమె అసలు పోరాటం దీని మీదే.

ఇంట్లో వద్దన్నా వినలేదు

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఓ సంపన్న ఇంగ్లిష్ కుటుంబంలో ఆమె పుట్టారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి ఇంట్లోనే చదువు చెప్పారు. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ మహా ఇష్టం. నర్సు అవుతానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోలేదు. అప్పట్లో గొప్పింటి అమ్మాయిలు చేసే పని కాదది. అయినా పట్టు వదల్లేదు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ తీసుకున్నారు. 1853లో లండన్‌లో మహిళల కోసం నడిచే ఓ చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయ్యారు.

మరుసటి ఏడాదే రష్యాపై జరుగుతున్న క్రిమియా యుద్ధంలో బ్రిటన్ కూడా దిగింది. గాయపడ్డ సైనికుల దుస్థితి పత్రికల్లో రావడంతో లండన్‌లో దుమారం రేగింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు 38 మంది నర్సులతో ఆమె బయల్దేరారు. 1854 నవంబర్ 4న ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారి సైనిక ఆస్పత్రికి చేరుకున్నారు.

ఒకే ఆస్పత్రి.. మూడు లెక్కలు

అక్కడ మురుగు, ఎలుకలు, చాలని మంచాలు.. ఇవన్నీ కళ్లకు కనిపించేవే. కనిపించని సమస్య ఇంకొకటి ఉంది. ఎంతమంది చనిపోతున్నారో సరైన లెక్కే లేదు! ఖననాల చిట్టా ఒక దగ్గర, డాక్టర్ల నివేదిక ఇంకో దగ్గర, ఆఫీసు రికార్డు మరో దగ్గర. మూడింటిలో మూడు అంకెలు. ఏ ఒక్కటీ మరోదానితో కలవదు.

ఇక్కడో చేదు నిజం కూడా ఉంది. ఆమె వచ్చిన వెంటనే మరణాలు తగ్గలేదు. ఆ చలికాలంలో ఇంకా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో చేరిన ప్రతి వంద మందిలో 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చింది. మురుగు కాలువలు కడిగించింది, నీటి సరఫరా బాగు చేయించింది, గాలి ఆడేలా మార్పులు చేసింది. జూన్ నాటికి మరణాలు వందకు రెండు చిల్లరకు పడిపోయాయి.

ఎందుకిలా? ఇంగ్లండ్ తిరిగొచ్చాక ఆమె కూర్చున్నది ఈ ప్రశ్న మీదే. జనన మరణాల రికార్డులు చూసే ఆఫీసులో గణాంక నిపుణుడు విలియం ఫార్ తోడయ్యారు. ఇద్దరూ కలిసి లెక్కలు తీస్తే విషయం బయటపడింది. 1855 జనవరి ఒక్క నెలలోనే అంటువ్యాధులతో 2,761 మంది చనిపోతే, గాయాలతో పోయింది 83 మందే. అంటే సైన్యాన్ని శత్రువు కంటే రోగాలే ఎక్కువగా చంపాయి. అవి ఆపగలిగిన మరణాలే.

బొమ్మ గీసి చూపించారు

పట్టికలు చూసే ఓపిక పెద్దలకు ఉండదని ఆమెకు బాగా తెలుసు. అందుకే 1858లో గులాబీ రేకుల్లా విచ్చుకునే గుండ్రటి చిత్రాలు గీయించారు. ఒక్కో నెలకు ఒక్కో రేకు. నీలం అంటే ఆపగలిగిన రోగాలు, ఎరుపు అంటే గాయాలు, నలుపు అంటే ఇతర కారణాలు. చూడగానే నీలమే కళ్లకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. గణితం రానివాళ్లకు కూడా అర్థమైపోతుంది.

ఫలితం వచ్చింది. సైనిక బ్యారక్‌ల బాగుకు చర్యలు మొదలయ్యాయి. సైనిక వైద్యానికి విడిగా గణాంక విభాగం, ప్రత్యేక వైద్య పాఠశాల ఏర్పాటయ్యాయి. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన తొలి మహిళగా ఆమె నిలిచారు.

తర్వాతి గురి మామూలు ఆస్పత్రులు. ఒక్కో ఆస్పత్రి ఒక్కో రకంగా రికార్డు రాస్తే వాటిని పోల్చేదెలా? అందుకే అన్నిచోట్లా ఒకే ఫారం, రోగాలకు ఒకే రకం పేర్లు ఉండాలని నమూనా తయారుచేశారు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక సదస్సు దాన్ని ఆమోదించింది. కొన్ని ఆస్పత్రులు మొదలుపెట్టాయి కూడా. కానీ ఫారాలు మరీ చిక్కుగా ఉండటంతో అవి ఎక్కువ కాలం నిలబడలేదు.

ఆమె లెక్కా తప్పింది

1863లో తన పుస్తకంలో ఫార్ ఇచ్చిన ఓ అంకె వాడారు. దాని ప్రకారం లండన్‌లోని 24 ఆస్పత్రుల్లో మరణాలు 90 శాతం! వైద్య పత్రికలు మండిపడ్డాయి. తీరా చూస్తే ఏడాది మొత్తం మరణాలను, ఒక్క రోజు ఆస్పత్రిలో ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించారు. ఏడాదంతా వచ్చి వెళ్లిన రోగులతో భాగిస్తే ఆ శాతం ఎంతో తక్కువ. దేన్ని దేనితో భాగించారో అడగకపోతే నిపుణులు కూడా పక్కదారి పడతారనడానికి ఇదే ఉదాహరణ.

భారత్‌కు రాకుండానే..

ఆమె ఎన్నడూ మన దేశానికి రాలేదు. కానీ ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం ప్రశ్నల ఫారం తయారుచేసి సైనిక స్టేషన్లకు పంపించారు. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, ఎంతమంది పోయారు.. ఇవే ప్రశ్నలు. గుట్టలుగా వచ్చిన జవాబుల్లోంచి తేలిన విషయం భయంకరం. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. పదేళ్ల తర్వాత, 1873లో, అది 18కి తగ్గిందని ఆమె ప్రకటించారు.

ఆ తర్వాత ఆమె దృష్టి రైతుల మీదకు మళ్లింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపారు. కాలువలు తవ్వితేనే కరవు తగ్గుతుందన్న ఆయన వాదనకు గట్టిగా మద్దతిచ్చారు. రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని 1876-78 కరవు కుదిపేసినప్పుడు ఇంగ్లండ్ పత్రికల్లో రాశారు. నీటిపారుదల ఖర్చు, రాబడి లెక్కలు తేల్చాలని లండన్ అధికారుల వెంటపడ్డారు.

తీరని కోరిక

ఆమెకు ఒక కోరిక మాత్రం తీరలేదు. మంత్రులు, అధికారుల చేతిలో బోలెడన్ని అంకెలున్నా వాటిని వాడుకోవడం కాలేజీలో ఎవరూ నేర్పలేదన్నది ఆమె బాధ. అందుకే ఆక్స్‌ఫర్డ్‌లో గణాంకాల ప్రొఫెసర్ పదవి పెట్టించాలని 1891లో ఫ్రాన్సిస్ గాల్టన్‌తో కలిసి ప్రయత్నించారు. అది కుదరలేదు.

1910 ఆగస్టు 13న లండన్‌లో 90 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. ఇప్పుడు ప్రతి ఆస్పత్రిలో కంప్యూటర్ ఉంది, ప్రతి శాఖకూ డ్యాష్‌బోర్డు ఉంది. స్కుటారిలో లేనిదల్లా ఇప్పుడు ఉంది. కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, పక్క రిజిస్టర్‌తో కలుస్తోందా, దేనితో భాగించారు.. ఈ మూడు ప్రశ్నలు అడిగే మనిషి ఆఫీసులో ఉన్నారా లేదా అన్నదే ఇప్పటికీ అసలు విషయం.