డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు – ఆయన ఇచ్చిన మందు

ఒక్క పరీక్ష తప్పితే చదువు అయిపోయిందనుకునే తమ్ముళ్ళు ఈ మహనీయుని జీవితం తెలుసుకోవాలి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో ప్యాసయ్యారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందారు. తర్వాత బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ చదువుకున్నారు. 1930లో హార్వర్డ్‌లో పి.హెచ్.డి. సాధించారు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. తర్వాత ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడే తయారయ్యాయి. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఈ మందు పేరు నేను మొదట చూసింది పుస్తకంలో కాదు, మా మేనత్త మందుచీటీలో. చికిత్స మధ్యలో ఆమెకు నోరు పూసింది. మిరపకోతకు పోతే ఎండకు ఒళ్ళు ఎర్రగా కంది, దద్దుర్లు లేచాయి. కొందరు అంటురోగమని దూరం జరిగారు. అత్త మందు మానేస్తానంది. కారణం చెప్పడానికి ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నాకూ తెలియదు.

తర్వాత తెలుసుకున్నాను. మెథోట్రెక్సేట్ వేగంగా పెరిగే కణాలను ఆపుతుంది. క్యాన్సర్ కణాలతోపాటు నోటి పొర, చర్మం, జుట్టు కుదుళ్ళ కణాలూ వేగంగా పెరిగేవే. అందుకే వాటికీ దెబ్బ తగులుతుంది. కొందరి చర్మం ఎండకు త్వరగా కందుతుంది కూడా. ఇది అంటదు, ఎవరి పాపమూ కాదు. అలాగని దాచకూడదు, సొంతంగా మందు మానకూడదు. దద్దుర్లు, నోటిపుండ్లు కనిపించిన రోజే డాక్టరుకు చెప్పాలి. బొబ్బలు లేచినా, తోలు ఊడినా, జ్వరం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎండలో గొడుగు, నిండు చేతుల చొక్కా ఉండాలి.

చర్మాన్ని బాధించే ఈ మందే సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ వాడుతున్నారు. ఆ దారి 1951లో అమినోప్టెరిన్‌తో తెరుచుకుంది. అది చూడడానికి సుబ్బారావు గారు లేరు.

డాక్టరు చెప్పాక మా అత్త చికిత్స పూర్తి చేసింది. తమ్ముళ్ళారా, మీ ఇంట్లో మందుచీటీ చదవగలిగేది మీరొక్కరే కావచ్చు. శ్రద్ధగా చదవండి. తెలియనిది సిగ్గుపడకుండా డాక్టరును అడగండి.