కోనసీమకు తెలిసిన బోదకాలు మాత్ర.. వెనకున్న భీమవరం శాస్త్రవేత్త కథ ఇదీ

అమలాపురం, రాజోలు, కొత్తపేట.. కోనసీమలో ఎటు వెళ్లినా బోదకాలు గురించి తెలియని వాళ్లుండరు. దాన్ని అరికట్టేందుకు ఇంటింటికీ తిరిగి పంచిన మాత్ర డీఈసీ. 1947లో ఆ మందును వెలుగులోకి తెచ్చిన అమెరికా పరిశోధనల సారథి వశిష్ట గోదావరికి అవతలి వైపు పుట్టినాయనే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. 1922లో భార్యను ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లిన సుబ్బారావు మళ్లీ తిరిగి రాలేదు.

రంగే కొలత

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఎంతుందో ముందే తెలిసిన ద్రావణంతో కలరిమీటర్‌లో పోల్చి లెక్క కడతారు. కండరం నమూనాలో మాత్రం రంగు మెల్లగా చిక్కబడుతూ వచ్చింది. ఎందుకలా అని ఆరా తీస్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ బయటపడింది. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ల్యాబ్‌లో చేరారు.

వెలుగే కొలత

అక్కడి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకి పనికొచ్చిన మందు అదే! దాన్నే కాస్త మార్చి చేసిన అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ బ్లడ్ క్యాన్సర్ చికిత్సకు దారి చూపాయి.

రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంతుందో చూడటానికి 1950ల్లో ఫ్లోరోమీటర్ వాడారు. మందును ఆక్సీకరణ చేసి అల్ట్రావయొలెట్ కాంతి వేస్తే, అందులోని టెరిడిన్ ముక్క నీలంగా మెరుస్తుంది. కలరిమీటర్ చూసేది ద్రావణం మింగేసిన వెలుగును. ఫ్లోరోమీటర్ చూసేది ద్రావణమే తిరిగి ఇచ్చే వెలుగును. ల్యాంప్ కాంతి నేరుగా పడకుండా డిటెక్టర్‌ను పక్కకు, 90 డిగ్రీల కోణంలో పెడతారు. చుట్టూ చీకటి ఉంటే చిన్న దీపమైనా కనిపించినట్టు, చాలా తక్కువ మోతాదు కూడా దొరికిపోతుంది.

ఆ పరీక్ష వచ్చేనాటికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి తపాలా శాఖ స్టాంపు తెచ్చింది. మాత్ర మింగిన ఎన్నో ఊళ్లకు మాత్రం ఆ పేరు ఇప్పటికీ కొత్తే.