శ్రీ గోపాలసముద్రము నారాయణ రామచంద్రన్ గారి చరిత్రము

తిరుమలకు నడచిపోవువారు అలిపిరిలో పాదాల మండపముకడ నొక నిమిషము నిలిచి మెట్లెక్కుదురు. ఆ త్రోవలోనే, ఊరివైపున, శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నొక వేకువను మా యక్కగారికి మాట పడిపోయి కుడిచేయి స్వాధీనము తప్పగా, ఆమె నచ్చటికి గొనిపోయితిమి. మెదడులో రక్తనాళము పగిలెనో, నెత్తురు గడ్డకట్టెనో తెలియక మందీయరాదనిరి. గడ్డను గరగించు మందు పగిలిన నాళమునకు ప్రాణాంతకము గదా. సి.టి. యంత్రమున బరుండబెట్టిన కొలది నిమిషములకే నాళము పగులలేదని తేలినది.

ఆ యంత్రమునకు గణితము గూర్చినవారిలో నొకరి చరిత్ర మిది. వీరు మన సంఘమువారు గారు, మన భాషవారును గారు. సంచిక సంపాదకులు మమ్ము మన్నింతురు గాక.

రామచంద్రన్ గారు 1922వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీని ఎర్నాకులమున జన్మించిరి. తండ్రి నారాయణయ్యరు గారు అచ్చటి మహారాజా కళాశాలలో గణితోపాధ్యాయులు. కుమారుడు తిరుచిరాపల్లిలో బట్టము నొంది, 1942లో బెంగుళూరు విజ్ఞాన సంస్థను విద్యుచ్ఛాస్త్రము నభ్యసింప జేరెను గాని, సర్ సి.వి. రామన్ గారు ఆ బాలుని సామర్థ్యము గనిపెట్టి భౌతికశాస్త్రమునకు లాగికొనిరి. బడిలో తల నెరసిన మాకు ఈ ఘట్టమన్న మిక్కిలి ప్రీతి.

కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము నంది మరలివచ్చిన పిమ్మట, 1952లో, వీరిని మదరాసు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రశాఖకు బిలిపించినవారు మన కర్నూలున బుట్టిన లక్ష్మణస్వామి మొదలియారు గారు. అప్పటికి వీరికి ముప్పదియేండ్లు. చర్మమునకును ఎముకకును బలమిచ్చు కొల్లాజెన్ అను పదార్థము మూడుపేటల త్రాటివలె పెనగొని యున్నదని గోపీనాథ్ కర్తా గారితో గూడి 1954, 1955 సంవత్సరములలో వెల్లడించిరి. ప్రొటీనుల ఆకృతిని గుర్తించుటకు 1963లో ప్రకటించిన పటము నేటికిని రామచంద్రన్ పేరనే వాడుకలో నున్నది.

ఇక నీడల మాట. మెదడు కపాలమను పెట్టెలో నున్నది. మామూలు ఎక్స్ కిరణ చిత్రమున పెట్టె నీడయు లోనివాని నీడలును ఒకదానిపై నొకటి పడి కలిసిపోవును. మండపము నొక్క ప్రక్కనుండి చూచినచో స్తంభము వెనుక స్తంభము దాగును. చుట్టును దిరిగి చూచినవాడు ప్రతిదాని తావును జెప్పగలడు. నీడలన్నిటినుండి వస్తువును మరల గట్టవచ్చునని రాడన్ అను ఆస్ట్రియా గణితజ్ఞుడు 1917లోనే నిరూపించెను. 1971 అక్టోబరు 1వ తేదీని వింబుల్డన్‌లో హౌన్స్‌ఫీల్డు గారి యంత్రము తొలి రోగి మెదడును చిత్రించినది; దాని లెక్క మాత్రము మిక్కిలి మెల్లగా సాగెడిది.

ఆ యేడే రామచంద్రన్ గారును ఎ.వి. లక్ష్మీనారాయణన్ గారును అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పత్రికలో నొక వ్యాసము ప్రకటించిరి. నీడలను వచ్చిన దారినే వెనుకకు బరచినచో చిత్ర మేర్పడును గాని అలుకుకొనిపోవును. వీరు పరచుటకు ముందే, ప్రతి బిందువు విలువలోనుండి ఇరుగుపొరుగు విలువలలో నియతభాగములను దీసివేసిరి. దాన అలుకుదల పోయి రూపము తేటపడినది. ఫోరియర్ పద్ధతి దీర్ఘగణనము తప్పినది. పెక్కేండ్లు సి.టి. యంత్రములు మెదడునకేమి, వెన్నుపూసలకేమి, ఈ మార్గముననే నడచినవి. ఈ గణితసాధనమునకు రామ్-లాక్ అని పేరు. రామలక్ష్మణుల పేరువలె వినబడుట కాకతాళీయమే గాని మాకు ముచ్చటగా నున్నది.

1979లో నోబెల్ బహుమానము హౌన్స్‌ఫీల్డు, కార్మాక్ గారలకు వచ్చినది. వారు సర్వవిధముల అర్హులు. రామచంద్రన్ గారికి ఏ కృషికిని అది రాలేదు. కొల్లాజెన్ విషయమునైనను రావలసినదని మా యభిప్రాయము. రాయల్ సొసైటీ సభ్యత్వము 1977లోను, ఎవాల్డ్ బహుమానము 1999లోను లభించినవి.

సంస్కృతము చదివిన మమ్ము ఆకర్షించునది వేరొకటి. కలదు, లేదు అను రెంటితో దృప్తినొందక సందేహమునకును స్థానమిచ్చిన జైనుల స్యాద్వాదమును వీరు గణితరూపమున దీర్చి స్యాన్న్యాయమని పేరిడిరి. ఇట్టి పని మా పండితులలో నెవరును దలపెట్టరైరి.

1998లో భార్య రాజలక్ష్మి గారు గతించిరి. కడపటి యేండ్లలో వీరిని పార్కిన్సన్ వ్యాధి పట్టినది. అది మెదడు వ్యాధియే గాని, సి.టి. చిత్రమున గానరాదు. 2001 ఏప్రిలు 7వ తేదీని చెన్నపట్టణమున దేహము చాలించిరి.

మా యక్కగారికి నాలుగు నెలలకు మాట తిరిగివచ్చినది. రామచంద్రన్ గారి కథ జెప్పి ఆ పేరు పలుకుమంటిమి. ఆమె రామచంద్రా యని కొండవైపు చేతులు మోడ్చెను. కుడిచేయి కొంచెము వణకినది.