మదనపల్లె కాలేజీలో మొదలైన ప్రేయర్ పాట: ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కథ

మన వాల్మీకిపురంలో బస్సెక్కితే మదనపల్లె గంటలోపు ప్రయాణం. పెద్దోళ్లు ఇంకా వాయల్పాడు అనే పిలిచే ఈ ఊరి నుంచి చదువుల కోసం అక్కడికి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. బీటీ కాలేజీ అంటే తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు. 1915లో అనీబిసెంట్ పెట్టిన థియోసాఫికల్ కాలేజీ అది. టాగూర్ అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారన్న సంగతి కూడా చాలామందికి తెలుసు. ఆయన్ని అక్కడికి పిలిచిన మాస్టారు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఐర్లండ్ మనిషి.

1873 జూలై 22న బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. డబ్బున్న కుటుంబం కాదు. చిన్న వయసులోనే స్కూల్ మానేసి ఆఫీస్ బాయ్‌గా పనికి కుదిరారు. తర్వాత గుమాస్తా పని, షార్ట్‌హ్యాండ్. 1897లో డబ్లిన్ చేరి బొగ్గు, ఓడల వ్యాపారం చేసే ఒక కంపెనీలో క్లర్క్ అయ్యారు. పగలు లెక్కలు, రాత్రి కవిత్వం. (బీకాం చదివిన నాకు ఇందులో మొదటి సగమే అర్థమవుతుంది.) కవిగా పేరొచ్చాక డబ్లిన్‌లోని హైస్కూల్‌లో టీచర్ ఉద్యోగం దొరికింది. మహాకవి యేట్స్ చదివిన బడి అదే. చిన్నప్పుడే బడి వదిలేసిన మనిషి హైస్కూల్ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పే మాస్టారయ్యారు.

1903లో మార్గరెట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె సంగీతం నేర్చిన మనిషి. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం కొట్లాడి అక్కడే జైలుకు కూడా వెళ్లొచ్చారు. 1915లో అనీబిసెంట్ పిలుపు మీద ఇద్దరూ మద్రాసుకు వచ్చారు. కజిన్స్‌కు బిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో పని.

ఏడాది తిరగకముందే ఆ పని పోయింది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ కజిన్స్ ఒక వ్యాసం రాశారు. మద్రాసులో అది పెద్ద గొడవైంది. అప్పటికే ప్రభుత్వం కన్ను పత్రిక మీద ఉంది, బిసెంట్ ఆయన్ని పత్రిక నుంచి తప్పించక తప్పలేదు. అలా మదనపల్లె కాలేజీకి ఇంగ్లీష్ చెప్పడానికి వచ్చారు. కొద్ది కాలానికే ప్రిన్సిపాల్ అయ్యారు. నిజం చెప్పాలంటే ఆయన మన వైపుకి వచ్చింది ఉద్యోగం పోయి.

1919 ఫిబ్రవరి చివర్లో, దక్షిణాది పర్యటనలో ఉన్న టాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లెలో ఆగారు. ఒక సాయంత్రం విద్యార్థులూ టీచర్లూ పాటలు పాడుకునే చోట ఆయనా కూర్చున్నారు. కజిన్స్ అడిగితే, 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి వినిపించిన పాటను మెల్లగా బెంగాలీలో పాడారు. పల్లవి చివర జయ జయ అని వచ్చేచోట పిల్లలు గొంతు కలిపారు. మరి రెండు రోజుల్లో టాగూర్ దాన్ని ఇంగ్లీషులో తన చేత్తో రాసిచ్చారు. దాని కింద తేదీ ఫిబ్రవరి 28. స్వరాలు మార్గరెట్ రాసుకున్నారు. అక్కడి నుంచి అది ఆ కాలేజీకి ప్రేయర్ పాట అయింది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిన పిల్లలు పొద్దున్నే దాన్ని పాడుకుని క్లాసుకు పోయేవారు.

అదే ఏడాది కజిన్స్ జపాన్ వెళ్లి టోక్యోలోని కియో యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. తిరిగొచ్చారు, దేశమంతా తిరిగారు, చిత్రకళ మీద పుస్తకాలు రాశారు, 1930లలో మళ్లీ మదనపల్లెలోనే ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నారు. ఈ మధ్యలో మార్గరెట్ ప్రభుత్వ ఆర్డినెన్సులకు ఎదురు మాట్లాడి 1932లో జైలుకెళ్లారు. ఇక్కడా జైలు తప్పలేదు ఆమెకు.

మన పాఠకులకు ముఖ్యమైన సంగతి 1937లో జరిగింది. వందేమాతరం మీద దేశంలో వాదన ముదిరిన ఏడాది అది. అందులో తర్వాతి చరణాలు దేవతను స్తుతిస్తాయి కాబట్టి మేం పాడలేమని ముస్లింలు చెప్పారు. అక్టోబర్‌లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. దాంతో ఎవరికీ పూర్తిగా తృప్తి లేదు. నవంబర్ మొదట్లో మద్రాస్ మెయిల్ పత్రికలో కజిన్స్ లేఖ అచ్చయింది. జనగణమనను జాతీయ గీతంగా ఖాయం చేయండి అని ఆయన అందులో కోరారు. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ పాట అనధికారికంగా ఆ స్థానంలోనే ఉందని ఆయన వాదన.

గాల్లోంచి చెప్పిన మాట కాదది. అన్ని మతాల పిల్లలూ కలిసి ఆ పాట పాడటం ఆయన కాలేజీ ఆవరణలో ఏళ్ల తరబడి చూశారు. ఆ పాట రెండో చరణంలో హిందువు, బౌద్ధుడు, సిక్కు, జైనుడు, పారసీ, ముసల్మాన్, క్రైస్తవుడు అని అందరి పేర్లూ వస్తాయి. మనం స్కూళ్లలో పాడేది మొదటి చరణమే కాబట్టి ఆ వరస మన పిల్లల చెవిన పడదు. ఒక్కసారైనా క్లాసులో చదివి వినిపిస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

ఈ లేఖ రాసిన మనిషి అదే కాలంలో హిందూ మతం తీసుకుని జయరామ్ అని పేరు పెట్టుకున్నారు. ఒకవైపు ఆ దారిలో నడుస్తూనే, ముస్లింల గొంతులో ఇరుక్కునే పాట వద్దు, అందరూ పాడగలిగేది కావాలని అన్నారాయన. మన వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదేనని నా ఉద్దేశం.

తర్వాత తిరువాన్కూరు సంస్థానానికి కళా సలహాదారుగా పనిచేశారు. త్రివేండ్రంలో 1935లో తెరిచిన శ్రీ చిత్రాలయం వెనక ఆయన చెయ్యి ఉంది. 1940లలో మార్గరెట్‌కు పక్షవాతం వచ్చింది, చివరి ఏళ్లు ఆమె సేవలోనే గడిచాయి. ఇద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ 1950లో అచ్చయింది. ఆ ఏడాదే జనవరి 24న రాజ్యాంగ సభ జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించింది. అప్పటికి కజిన్స్‌కు 76 ఏళ్లు.

1954 మార్చిలో అడయార్‌లో మార్గరెట్ కన్నుమూశారు. కజిన్స్ మదనపల్లెకే తిరిగొచ్చి 1956 ఫిబ్రవరి 20న ఇక్కడే చనిపోయారు.